తొమ్మిదో అంతస్తులో అదిరింది

మా అమ్మమ్మ ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. తప్పనిసరై మెచ్చుకోవలసి వస్తే తూకం వేసి ఇస్తుంది, అదీ ముల్లు తన వైపే మొగ్గేలా. నేను మొదటిసారి సొంతంగా చొక్కా కుట్టి తీసుకెళ్ళి చూపిస్తే, అటు తిప్పి ఇటు తిప్పి, "చేతులు రెండూ ఉన్నాయిలే," అంది. అది నాకొచ్చిన పతకం. అంతకుముందు ఎనిమిదో తరగతిలో నేను బడికి దండం పెట్టి వచ్చేసిన రోజున అమ్మ ఏడ్చింది, మామయ్య అరిచాడు, అమ్మమ్మ మాత్రం "పోన్లే, బడికి బరువు తగ్గింది," అని తన పని తను చూసుకుంది.

తూకం మాట నేను సరదాకి వాడలేదు. ఆవిడ పనే త్రాసులు బాగుచేయడం. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఆయన ముందు కొడుక్కి నేర్పబోతే ఆ కొడుకు త్రాసు పళ్ళేలు ఊడదీసి బొమ్మబండికి చక్రాలు చేసుకున్నాడట. దాంతో విద్య కూతురి వైపు మొగ్గింది. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చి కూరగాయల కొట్లన్నీ పట్టుకుపోయినా, బంగారం పని వాళ్ళూ, మందులు నూరేవాళ్ళూ, విత్తనాల కొట్టువాళ్ళూ ఇప్పటికీ అమ్మమ్మ చేతి త్రాసే కావాలంటారు. పళ్ళేలు వేలాడే కోల అరిగినా, పళ్ళెం సొట్టపోయినా, ముల్లు అబద్ధం చెప్పడం మొదలుపెట్టినా ఆవిడ దగ్గరికే రావాలి. మేడలో అందరూ ఆవిడని కాటా మామ్మ అంటారు.

"మనిషి మాట అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చే, ముల్లు మాట అటూ ఇటూ కాకూడదు," అంటుంది. ఆవిడ మాట మాత్రం ఎప్పుడూ అటూ ఇటూ కాదు. అదే మా ఇంటిల్లిపాదికీ వచ్చిన చిక్కు.

మా తాతయ్యది దర్జీ కొట్టు. ఆ తొమ్మిదంతస్తుల మేడ కింద, వీధికి ఆనుకుని ఉంటుంది. మొదట్లో అమ్మమ్మ కొట్టు కూడా కిందే, పక్కగదిలోనే. మధ్యలో ఒక్క గోడ. కానీ వీధిలో లారీ పోయిందంటే చాలు, అమ్మమ్మ త్రాసుల ముళ్ళన్నీ జ్వరం వచ్చినట్టు వణికేవి. లారీ లేని సమయంలో తాతయ్య మిషను అందుకునేది.

"మీరు ఆ మిషను ఆపుతారా, నన్ను నా ముల్లు విరిచేయమంటారా?" అని గోడకి అటునుంచి అరిచేది అమ్మమ్మ.

"నా మిషను ఆగితే ఇంట్లో తూచడానికి ఏముంటుందే, గాలా?" అని ఇటునుంచి తాతయ్య.

చివరికి ఒకరోజు అమ్మమ్మ ఒక చిన్న త్రాసు చేతపట్టుకుని మేడంతా ఎక్కింది. ప్రతి అంతస్తులోనూ దాన్ని నేలమీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని, కింద లారీ పోయేదాకా నిలబడి ముల్లు చూసింది. ఎక్కుతున్నకొద్దీ వణుకు తగ్గుతూ వచ్చింది. తొమ్మిదో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు కింద ఖాళీగా పడి ఉన్న గదిలో, ముల్లు తపస్సులో కూర్చున్నట్టు కదలకుండా నిలబడింది. ఆ వారమే సామాను పైకెక్కింది. ఆ అంతస్తులో మిగతా గదులన్నీ ఎవరివో గోదాములు. వాటి తాళాలకు తుప్పే కాపలా. తన నిశ్శబ్దం తనకి దొరికిందని అమ్మమ్మ సంబరపడింది. కింద ఖాళీ అయిన గదిలోకి తాతయ్య బట్టల తానులు చేరాయి.

తాతయ్య మాత్రం ఆ గది గడప తొక్కలేదు. ఆయనకి ఎత్తంటే భయం. పైకి చెప్పుకోడు. "నేల మీద పుట్టాను, నేల మీదే ఉంటాను, నాకెందుకొచ్చిన గాలిమేడలు," అంటాడు. కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే నన్ను పిలిచే మనిషి, తొమ్మిది అంతస్తులు ఏం ఎక్కుతాడు?

కానీ వంట ఆయనదే. కొట్టు వెనక చిన్న గదిలో పొయ్యి ఉంది. కుట్టుపని ఎంత బాగా చేస్తాడో వంట అంతకంటే బాగా చేస్తాడు. మధ్యాహ్నం కాగానే కేరేజీ సర్ది, లిఫ్టులో పెట్టి, చెయ్యి లోపలికి చాచి తొమ్మిది నొక్కి, తలుపులు తన మీద మూసుకుంటాయేమోనని కోడిలా వెనక్కి గెంతేవాడు. కేరేజీ ఒంటరిగా పైకి ప్రయాణం చేసేది. ఏడో అంతస్తులో డాన్సు టీచరు క్లాసు ఉంది. అక్కడి పిల్లలు అప్పుడప్పుడు లిఫ్టుని దారిలో ఆపి, మూత తీసి, సుంకం వసూలు చేసుకుని మళ్ళీ పంపేవారు.

పైకీ కిందకీ మాటలకి ఒక ఇంటర్‌కం ఉండేది. తిన్నాక అమ్మమ్మ తీర్పు అందులోంచి దిగేది. "ఉప్పుంది." "ఉడికింది." "వేడిగా ఉంది." ఇవీ తీర్పులు. ఇందులో "ఉడికింది" అన్నది అన్నిటికంటే పెద్దది. పెళ్ళయిన నాటినుంచి తాతయ్య ఇంతకంటే ఒక్క మెట్టు పైన ఉన్న మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

ఆ మాట ఒక మధ్యాహ్నం వచ్చేసింది.

తాతయ్య బంగాళాదుంపల కూర చేసి పంపాడు. కొంచెంసేపటికి ఇంటర్‌కం మోగింది. ఆయన ఎత్తాడు. అమ్మమ్మ గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, అటు పక్కన గుండీలు కుడుతున్న నాకు కూడా వినబడింది.

"ఏమండీ! అదిరింది! బాబోయ్, అదిరిందండీ!"

తాతయ్య మొహంలో మతాబులు వెలిగాయి. మెడలో వేలాడే టేపు సర్దుకున్నాడు, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు. "నిజమా?" అన్నాడు. "ఉప్పు సరిపోయిందా?"

అవతల చప్పుడు లేదు. తర్వాత టక్కుమని పెట్టేసిన శబ్దం.

తాతయ్య రిసీవరుని పసిపాపని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. "విన్నావుటే? రెండుసార్లు అంది. సిగ్గేసి పెట్టేసింది."

"అమ్మమ్మకి సిగ్గా, తాతయ్యా?"

"నీకేం తెలుసు! నీ వయసులో..." అని మొదలుపెట్టి, మిగతాది కూనిరాగంలో కలిపేసి, మిషను తొక్కాడు.

సాయంత్రం అమ్మమ్మ కేరేజీ పట్టుకుని దిగి వచ్చింది. అది మూత తీయని కేరేజీ. బల్ల మీద అది పెట్టి, "మేడ అదిరిందండీ," అంది. "పట్టపగలు, నా కళ్ళముందు. వేలాడదీసిన త్రాసులన్నీ ఒక్కసారి ఊగడం మొదలుపెట్టాయి. పళ్ళేలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పడవలో కూర్చున్నట్టు నా కుర్చీ అటు వెళ్ళి ఇటు వచ్చింది. మీకు ఫోను చేస్తే ఉప్పు గురించి అడుగుతారా!"

తాతయ్య తన బల్ల మీద ఉన్న గుండీల పళ్ళెం వైపు చూశాడు. "ఇక్కడ గుండీ కూడా కదల్లేదే."

"మరి నేను అబద్ధమాడుతున్నానా?"

"అబద్ధమని కాదు..." ఆయన కేరేజీ మూత తీశాడు. కూర కూరలానే ఉంది. ఒక్క ముక్క తగ్గలేదు. చాలాసేపు దానికేసి చూసి, "వాసన చూసి ఉంటావు," అన్నాడు.

అదండీ గొడవకి మొదలు. భూకంపం ఉందని ఒప్పుకుంటే కూర మెప్పు పోతుంది. కూర మెప్పు నిలబడాలంటే భూకంపం ఉండకూడదు. మా తాతయ్య వివాహజీవితంలో సంపాదించుకున్న ఏకైక అదిరింది అది. దాన్ని భూదేవికి ధారపోయమంటే ఎలా పోస్తాడు?

ఆ రోజు వార్తల్లో ఎక్కడో సముద్రానికి ఆవల భూకంపం వచ్చిందన్నారు. అమ్మమ్మ విజయం సాధించినట్టు చూసింది. కరెంటాఫీసులో పనిచేసే మా మామయ్య, అంటే ఆవిడ ఏకైక పుత్రరత్నం, పగలబడి నవ్వాడు. "అంత దూరాన వచ్చింది, దారిలో ఊళ్ళన్నీ వదిలేసి, మేడ కింద మమ్మల్నందరినీ వదిలేసి, తిన్నగా లిఫ్టెక్కి నీ గదిలోకి వచ్చిందా అమ్మా? అడ్రసు ఎవరిచ్చారు?"

తర్వాత ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత వానలు వెలిశాక మరోసారి. అమ్మమ్మ తెలివిమీరి ఇప్పుడు మాట మార్చింది. "అదిరింది" అనడం మానేసి "ఊగింది" అనసాగింది. తాతయ్య దాన్ని కూడా వదల్లేదు. "చూశారా, ఇప్పుడు ఊగింది అంటోంది. అప్పుడు అదిరింది అంది. మాట వేరంటే సంగతి వేరనే కదా!" నల్లకోటు వేసుకోవలసినవాడు నల్లకోట్లు కుట్టుకుంటూ బతికాడు.

మేడ ఎందుకు ఊగుతోందో అమ్మమ్మకీ తెలియదు. తెలియదని ఊరుకునే మనిషైతే అమ్మమ్మ ఎందుకవుతుంది? మొదట నీళ్ళ ట్యాంకుని అనుమానించింది. తర్వాత లిఫ్టుని. చివరికి మూడోసారి ఊగిన రోజున చీర కొంగు బిగించి ఏడో అంతస్తుకి దిగి, డాన్సు టీచరు తలుపు బాదింది. ఆ రోజు నేను వెంటే ఉన్నాను, వినోదం వదులుకోవడం నాకు చేతకాదు.

"ఏమ్మా, మీ పిల్లల గంతులకి మేడంతా ఉయ్యాలవుతోంది! కాస్త మెల్లగా నేర్పకూడదూ?"

డాన్సు టీచరు తలకి నూనె రాసుకుంటూ వచ్చింది. వెనక గదంతా ఖాళీ. "మామ్మగారూ, ఇవాళ క్లాసు సెలవు," అంది. "నేనూ పడుకునే ఉన్నాను. మంచం కదిలినట్టనిపించి, తల తిరుగుతోందేమోనని నూనె రాసుకుంటున్నాను."

అక్కడ ఒక సాక్షి దొరికిందని అమ్మమ్మ పట్టుకోవాలా? పట్టుకోలేదు. నింద వేయడానికి వెళ్ళి సాక్ష్యం అడుక్కోవడం ఆవిడ తూకానికి సరిపోలేదు. "నూనె గోరువెచ్చగా రాసుకో," అని చెప్పి మెట్లెక్కేసింది.

ఇక అమ్మ రంగంలోకి దిగింది. అమ్మకి ఎవరికి ఏం జరిగినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమే తెలుసు. "కళ్ళు తిరగడమే ఇది. పైన ఒక్కతే ఉంటుంది. పడిపోతే ఎవరు చూస్తారు?" అని తీసుకెళ్ళింది. డాక్టరు చెవుల్లో లైటు వేసి చూశాడు. నేలమీద టైల్సు మధ్య గీత చూపించి, దాని మీద అడుగులో అడుగేసి నడవమన్నాడు. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని, వంగి, గీతని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరిశీలించి, "నేను నడుస్తాను గానీ డాక్టరుగారూ, మీ గీతే వంకరగా ఉంది," అంది. నిజంగానే వంకరగా ఉందట, అమ్మ చెప్పింది. డాక్టరు చెవి లోపల సమస్య ఉండొచ్చు, లేకపోనూవచ్చు, వయసు కదా, ఒంటరిగా ఉంచకండి అన్నాడు. ఆ చివరి ముక్క ఒక్కటే మా వాళ్ళ చెవిన పడింది.

నిర్ణయం అయిపోయింది. నెలాఖరుకి అమ్మమ్మ తొమ్మిదో అంతస్తు గది ఖాళీ చేసి కిందకి వచ్చేయాలి. తన పాత గదిలోనే కూర్చోవాలి. అందరి కళ్ళముందూ ఉండాలి కాబట్టి ఆ గదికీ తాతయ్య కొట్టుకీ మధ్య ఉన్న గోడ కొట్టించేస్తానన్నాడు మామయ్య.

"కింద లారీలు పోతుంటే నా ముల్లు నిలబడుతుందట్రా?" అంది అమ్మమ్మ.

"అయితే మానెయ్యమ్మా. ఇన్నాళ్ళు చేశావు చాలదా?"

అమ్మమ్మ మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ గొంతు తగ్గితే మా ఇంట్లో అందరికీ సంతోషం. కానీ ఆవిడ అసలు మాట్లాడకపోతే ఎవరికీ అన్నం సయించదు. నాకు మాత్రం సంగతి కుట్టులో సూది దిగినట్టు దిగింది. కింద కూర్చుంటే ఆవిడ త్రాసు బాగుచేయలేదు. త్రాసు బాగుచేయని అమ్మమ్మ రోజంతా మమ్మల్ని బాగుచేస్తుంది. అది ఎవరికీ మంచిది కాదు. నవ్వులాట పక్కన పెడితే, నిలబడిన ముల్లు కేసి ఆవిడ చూసే చూపు ఒకటుంది. ఆ చూపు మా ఎవరి వైపూ ఎన్నడూ తిరగలేదు. అది పోతే మళ్ళీ రాదని నాకు భయం వేసింది.

ఆ రోజుల్లోనే ఎనిమిదో అంతస్తులోకి ఒక ఇంజనీరమ్మాయి అద్దెకి దిగింది. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చే ఉద్యోగం. ఒక సెలవు రోజున ప్యాంటు పొడవు తగ్గించమని కొట్టుకి వచ్చింది. అప్పుడు మామయ్య సుద్దముక్కతో గోడ మీద గీతలు గీస్తున్నాడు.

"ఆ గీతలెందుకండీ?" అంది ఆ అమ్మాయి.

"ఈ గోడ కొట్టేస్తున్నామమ్మా."

ఆ అమ్మాయి తన కాళ్ళ దగ్గర టేపు పట్టుకుని కూర్చున్న తాతయ్యని కూడా మరిచిపోయి రెండడుగులు వేసింది. "కొట్టకండి. అసలే వీధి వైపంతా షట్టర్లు. కింది అంతస్తులో ఉన్నవే నాలుగు గోడలు, అవి కూడా తీసేస్తే పైన ఎనిమిది అంతస్తుల బరువూ ఒట్టి స్తంభాల మీద పడుతుంది. మేడ ఊగినప్పుడు ముందు కూలబడేది మోకాళ్ళ దగ్గరే."

"మోకాళ్ళు" అనగానే తాతయ్య తన మోకాళ్ళు తడుముకున్నాడు. నేను మాత్రం "ఊగినప్పుడు" అన్న మాట పట్టుకున్నాను. "మేడలు నిజంగా ఊగుతాయా అక్కా?"

"ఊగకుండా ఎలా ఉంటాయి?"

ఇక నేను ఆగుతానా? సగం పిన్నులు గుచ్చిన ప్యాంటుతోనే ఆ అమ్మాయిని లిఫ్టెక్కించి తొమ్మిదో అంతస్తుకి పట్టుకుపోయాను.

అమ్మమ్మ చెప్పిందంతా ఆ అమ్మాయి నవ్వకుండా విన్నది. అదే అమ్మమ్మకి సగం వైద్యం. తర్వాత గదంతా చూసి, "మామ్మగారూ, పనికిరాని పళ్ళేలు మూడు ఇస్తారా?" అని అడిగింది. ఒకదానికి జానెడు దారం, ఒకదానికి మూరెడు, ఇంకోదానికి నిలువెత్తు దారం కట్టి, మూడూ ఒకే కర్రకి వేలాడదీసింది. కర్రని రెండు చేతులా పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడింది.

"ఈ కర్ర నేల అనుకోండి. పళ్ళేలు మేడలు. పొట్టి దారం పొట్టి మేడ, పొడుగు దారం పొడుగు మేడ. ఇప్పుడు చూడండి."

కర్రని గబగబా, చిన్నగా కదిపింది. పొట్టి దారం పళ్ళెం చిందులు తొక్కింది. పొడుగు దారం పళ్ళెం అసలు పట్టించుకోలేదు.

"ఇది లారీ. లారీ వణుకు పొట్టిది, హడావిడిది. పొడుగు మేడ పైకి వచ్చేసరికి అది అణగారిపోతుంది. అందుకే ఇక్కడ మీ ముల్లు నిలబడింది."

అమ్మమ్మ తల ఊపింది. తనకి తెలిసిందే ఎవరైనా చెబితే ఆవిడకి ఇష్టం.

"ఇప్పుడు దూరపు భూకంపం. అంత దూరం నడిచి వచ్చేసరికి అందులో హడావిడి అంతా దారిలోనే రాలిపోతుంది. నిదానమైన ఊపు ఒక్కటే మిగులుతుంది." ఆ అమ్మాయి కర్రని నెమ్మదిగా అటూ ఇటూ కదిపింది. ఎంత కొంచెమంటే, తన చెయ్యి కదులుతోందని కూడా నాకు తెలియలేదు. పొట్టి పళ్ళెం కదలలేదు. మూరెడు దారం పళ్ళెం బద్ధకంగా కదిలింది. నిలువెత్తు దారం పళ్ళెం మాత్రం మొదట కాస్త, తర్వాత ఇంకాస్త, చివరికి గది ఈ గోడ నుంచి ఆ గోడకి పోతానన్నట్టు ఊగింది.

"పిల్లని ఉయ్యాల ఊపేటప్పుడు బలంగా తొయ్యక్కర్లేదు కదా. వెనక్కి వచ్చినప్పుడల్లా వేలితో అంటిస్తే చాలు. ప్రతి మేడకీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. నేల ఊపు దానితో కాలు కలిపిందంటే, ఒక్కొక్క తోపూ మీద పడి పెరుగుతూ పోతుంది. కింద వాళ్ళకి తెలియనే తెలియదు, పైన వాళ్ళకి పడవ ప్రయాణం. భూమి ఇచ్చింది పిసరంత. మిగతాదంతా మేడ సొంత సంపాదన."

అమ్మమ్మ చెయ్యి చాచి, ఊగుతున్న పళ్ళేన్ని మునివేళ్ళతో ఆపింది. "పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఈ దారాలు కడుతున్నాను," అంది. "ఒక్కొక్కటీ ఒక్కొక్క తీరుగా ఊగుతుందని తెలుసు. నేను కూర్చున్నది కూడా ఒక పళ్ళెంలోనేనని తట్టలేదు." తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "బుర్ర ఉందిలే నీకు," అంది. నేను కుళ్ళుకున్నాను. నాకు చేతులే ఇచ్చింది.

ఈ కబురంతా మోసుకుని నేను కిందకి ఉరికాను. గోడ మాట మామయ్య ఒప్పుకున్నాడు, మేడ కూలితే తన నెత్తి మీదే కూలుతుందని. కానీ, "మేడలు ఊగుతాయేమో, మీ అమ్మమ్మకి కళ్ళు కూడా తిరుగుతూ ఉండొచ్చు కదా! రెండూ ఉండకూడదని ఎక్కడుంది?" అన్నాడు. అమ్మ కూడా అదే పాట. తాతయ్యని చూశాను. ఆయన ఒక్క మాటంటే లెక్క తేలిపోతుంది. ఆయన గుండీలు ఏరుకుంటూ, నేలకేసి చూస్తూ, "ఆ మొదటిసారి మాత్రం... కూరే," అన్నాడు.

నెలాఖరు వచ్చేసింది. గోడ అలాగే ఉంది, కానీ పాత గదిలో తానులు తీసి అమ్మమ్మ బల్లకి చోటు చేశారు. ఆవిడ కింద ఉండి ఏది ఎక్కడ పెట్టాలో చెప్పాలి. పైన సున్నితమైన త్రాసులు గుడ్డల్లో చుట్టాలి. ఆ పని ఎవరు చేస్తారు? మామయ్య చేతికిస్తే వాళ్ళ మేనమామ పోలికతో చక్రాలు చేస్తాడని అమ్మమ్మ అనుమానం. పట్టుచీరలు నలగకుండా మడిచే చెయ్యి ఇంట్లో ఒక్కటే.

"మీరే వెళ్ళాలి," అంది అమ్మమ్మ.

తాతయ్య చేతిలోని కత్తెర కింద పెట్టాడు. కాదంటే భయమని తేలిపోతుంది. మెడలో టేపు తీయకుండానే, కళ్ళు మూసుకుని లిఫ్టెక్కాడు. ఇన్నాళ్ళూ కేరేజీ ఒంటరిగా చేసిన ప్రయాణం ఆయన చేశాడు. వంట ఆ రోజు అమ్మమ్మ మీద పడింది. అదే బంగాళాదుంపల కూర వండి, కేరేజీ లిఫ్టులో పెట్టి నొక్కింది. తొమ్మిదో అంతస్తు నుంచి చేరిందన్న కబురు కూడా వచ్చింది.

మేము కింద బల్ల జరుపుతున్నాం. వీధిలో ఒక లారీ పోయింది. బల్ల మీద పెట్టిన త్రాసు ముల్లు గజగజ వణికింది. అమ్మమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

అంతలో ఇంటర్‌కం మోగింది. మేమంతా పక్కన కొట్లోకి పరుగెత్తాం, అమ్మమ్మ ఎత్తింది.

"ఒసేయ్! అదిరింది! అదిరిందే బాబూ!" తాతయ్య గొంతు గదంతా నిండింది.

అమ్మమ్మ కళ్ళు కిందకి వాలాయి. నిజం చెబుతున్నాను, ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ మనవరాలిని, నేనెప్పుడూ చూడని రంగు అది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, మెత్తగా, "ఉప్పు సరిపోయిందా?" అంది.

అవతల చప్పుడు లేదు. పళ్ళేలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న గలగల మాత్రం సన్నగా వినిపిస్తోంది.

అమ్మమ్మకి అప్పుడు అర్థమైంది. రిసీవరు అరచేత్తో మూసి, గుండీల పళ్ళెం వైపు చూసింది. గుండీ కూడా కదల్లేదు. నా వైపు చూసింది. నేను నోరు రెండు చేతులా మూసుకున్నాను, నవ్వు బయటికి రాకుండా.

"ఏమండీ!" అని అరిచింది రిసీవరులోకి. "బల్ల కిందకి దూరండి! లిఫ్టు జోలికి పోకండి!"

మామయ్య మెట్లెక్కి పరుగెత్తాడు. వెనకే నేను, నా వెనక అమ్మమ్మ. మెట్లు తిరిగే ప్రతిచోటా ఆగి ఆయాసంతో, "చెప్పాను... కదరా... చెప్పాను," అంటూనే ఉంది. మేము ఎక్కేసరికి ఊపు ఆగిపోయింది. తాతయ్య బల్ల కింద, రెండు బంగారం త్రాసుల్ని సంకలో పిల్లల్లా పెట్టుకుని, మెడలో టేపుతో కూర్చుని ఉన్నాడు. త్రాసులకి ఒక్క సొట్ట కూడా పడలేదు. బల్ల మీది కూర మాత్రం నేలపాలయింది.

"పడవే," అన్నాడు తాతయ్య అమ్మమ్మని చూసి. "అచ్చం పడవే."

"కళ్ళు తిరిగాయేమో, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటారా?" అంది అమ్మమ్మ.

తాతయ్య చుట్టిన త్రాసుల మూటల్ని మామయ్య తనే విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఇంజనీరమ్మాయి వచ్చి, ఊగే మేడ మంచిదే, ఊగలేనిది విరుగుతుంది, కానీ బీరువా గోడకి బిగించండి, బరువులు కింది అరల్లో పెట్టండి, ఊగుతుంటే మెట్ల వైపు పరుగెత్తకండి అని చెప్పింది. మామయ్య అన్నీ బిగించాడు. ఇప్పుడు ఆ గదిలో బిగించకుండా ఉన్నవి రెండే, వేలాడే త్రాసులూ అమ్మమ్మ నాలుకా.

గది దక్కింది. కానీ తాతయ్య డీలాపడిపోయాడు. మొదటి భూకంపం కూడా భూకంపమేనని ఇక ఒప్పుకోక తప్పదు కదా. కూనిరాగాలు మానేశాడు. కేరేజీ పంపుతున్నాడు, వెనక్కి వచ్చిన కేరేజీని కడుగుతున్నాడు, తీర్పు కోసం ఇంటర్‌కం పక్కన మాత్రం నిలబడటం లేదు. నేను పైకి వెళ్ళినప్పుడు ఈ సంగతి అమ్మమ్మ చెవిన వేశాను. ఆవిడ ఒక కోలని ఆకురాయితో సానపడుతూ, "నిజం నిలకడ మీద తెలుస్తుంది," అంది. ఏ నిజమో చెప్పలేదు.

మర్నాడు బంగాళాదుంపల కూర పైకి వెళ్ళింది. కొంతసేపటికి ఇంటర్‌కం మోగింది. తాతయ్య నన్ను తియ్యమని సైగ చేశాడు. నేను వినపడనట్టు దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆయనే ఎత్తాడు.

"ముళ్ళన్నీ నిలబడే ఉన్నాయి," అంది అమ్మమ్మ గొంతు. "మేడ కదల్లేదు. ట్యాంకు కదల్లేదు. అయినా అదిరింది."

తాతయ్య రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "ఏమిటీ? ఈ మిషను చప్పుడులో సరిగ్గా వినపడలేదే. ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆ సమయంలో మా కొట్లో ఒక్క మిషను కూడా నడవడం లేదు.